నిత్యజీవితములో శోధన

గత మాసమున మా కార్యాలయమునకు పాతపట్నమునుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది. ఆమె భర్త తాపీమేస్త్రి. పని కొన్నాళ్లు ఊరిలో, కొన్నాళ్లు సరిహద్దు దాటి పర్లాకిమిడిలో. శనివారము సాయంకాలము బట్వాడా. గడచిన క్రిస్మసునాడు ఆయన సంఘపు పెద్దల యెదుట మాట యిచ్చి మద్యము మానివేసెను. నాటినుండి నేటివరకు ఒక్క శనివారమైనను మాట తప్పలేదు. ఇంతవరకు అంతయు సంతోషకరమే. అటుపిమ్మట ఆమె ఇట్లు వ్రాసినది: “శనివారము ఇంటికి వచ్చి కూలి డబ్బు నా చేతిలో పెట్టి, తల వంచుకొని కూర్చుండును. ఏమని అడిగినచో, త్రోవలో దుకాణము కనబడగానే కాలు ఆగినదనియు, కోరిక ఇంకను చావలేదనియు, తాను మారితినని చెప్పుకొనుట అబద్ధమేమో అనియు అనును. ప్రార్థన మానలేదు. అయినను ఇట్లెందుకు జరుగుచున్నది? నేనేమని ధైర్యము చెప్పవలెను?”

ఈ ఉత్తరమును మేము ఒకటికి రెండుసార్లు చదివితిమి. ఆ ఇంటిలో పండుగనాడు ఇచ్చిన మాటయు, పిల్లల అన్నమును, ఒక మనిషికి తనపై తనకు గల నమ్మకమును ప్రతి శనివారము తూగుటాకుమీద నిలుచుచున్నవి. మేము ఉపదేశకులము కాము. క్రైస్తవ గ్రంథములును, ఆ మార్గమున నడచిన పూర్వులును, నేటి మనస్తత్వ పరిశోధకులును ఈ విషయమున తెలిపిన సంగతులను ఒకచోట కూర్చి మనవిచేయుట మాత్రమే మా పని. ఆ సోదరి ప్రశ్న క్రైస్తవ కుటుంబమునుండి వచ్చినను, ఇట్టి శనివారము ఏదో ఒక రూపమున ఎల్లవారి ఇండ్లలోను వచ్చుచునే యుండును గదా!

మొదట మాటను గూర్చి చూతము. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో శోధనను గూర్చిన విన్నపము ఒకటి కలదు. తెలుగు క్రైస్తవులు దానిని ప్రతిదినము పలుకుదురు. శోధనము అను సంస్కృత పదమునకు శుద్ధిచేయుట అని అర్థము. ఆయుర్వేద వైద్యులు మందుదినుసులను శోధించి గాని వాడరు. వెదకి చూచుట, పరీక్షించుట అనునది రెండవ అర్థము. తెలుగు బైబిలు వాడుకలోనికి వచ్చిన తరువాత దీనికి మూడవ అర్థము కూడ స్థిరపడినది. అది చెడుపనికి లాగు ప్రేరణ. అనువాదకులు ఈ పదమును ఏరుకొనుటలో ఔచిత్యము కలదు. మూలమందలి గ్రీకు పదమైన ‘పెయిరాస్మోస్’ కూడ పరీక్ష, ప్రలోభము అను రెండర్థములను కలిగియున్నది. ప్రసంగమునుబట్టి ఏది కావలెనో అది గ్రహింపవలెను.

రెండర్థములు ఒకే పదములో ఇమిడియుండుటచేత చిక్కులును కలిగినవి. దేవుడే మనుష్యులను చెడువైపు నడిపించునా అను అనుమానము చాలమందికి వచ్చినది. ఫ్రాన్సు దేశపు కాథలికు సంఘములు ఈ అనుమానమును తీర్చుటకై 2017 డిసెంబరునుండి ఆ విన్నపపు మాటలను మార్చుకొని, శోధనలో పడనీయవద్దు అను భావము స్పష్టముగా వచ్చునట్లు పలుకుచున్నవి. ఈ సందేహమునకు క్రొత్త నిబంధనలోని యాకోబు పత్రిక ఏనాడో బదులు చెప్పినది. దేవుడు ఎవనిని చెడునకు ప్రేరేపింపడనియు, మనుష్యుని తనలోని కోరికయే అతనిని ఈడ్చుకొనిపోవుననియు అందలి భావము. కాబట్టి ఒకే సంఘటనకు రెండు ముఖములున్నవి. కోరికవైపునుండి చూచినచో అది వల. నడవడివైపునుండి చూచినచో అది పరీక్ష. దుకాణము ముందు కాలు ఆగినది గదా, అక్కడ వల ఉన్నది. కూలి డబ్బు ఇల్లు చేరినది గదా, ఆ పరీక్షకు ఫలితము అదియే.

ఇక సోదరి భర్త అడుగుచున్న ప్రశ్న: కోరిక కలుగుటయే పాపమా? క్రైస్తవ ధర్మమున దీనికి సమాధానము నిస్సందేహముగా ఉన్నది. మత్తయి, లూకా సువార్తలు చెప్పునట్లు, యేసు నలువది దినములు అరణ్యములో ఉపవాసముండగా అపవాది ఆయనను మూడు విధముల శోధించెను. పాపము లేనివాడని క్రైస్తవులు కొలుచు ప్రభువే శోధింపబడినప్పుడు, శోధన వచ్చుటయే పాపమని ఎట్లు చెప్పగలము? రోములో ఆరవ శతాబ్దమున మతాధిపతిగా ఉండిన గ్రెగరీ మహాశయుడు దీనిని మూడు మెట్లుగా విడదీసి చూపెను. మొదటిది ప్రేరణ, రెండవది దానియందు కలుగు సుఖభావము, మూడవది అంగీకారము. మొదటి మెట్టు మన చేతిలో లేదు. అది వీధిలో పోవువాని పిలుపువంటిది. మూడవ మెట్టు పూర్తిగా మన చేతిలోనిది. రెండవదియే ప్రమాదకరమైన మధ్యస్థలము. పదునైదవ శతాబ్దమునకు చెందిన థామస్ ఎ కెంపిస్ తన ‘క్రీస్తు అనుకరణ’ గ్రంథమున, శత్రువును మనస్సు గుమ్మము దాటనీయక ముందే ఎదిరించుట తేలికయని బోధించుటకు కారణమిదియే.

అరణ్యమందలి ఆ మూడు శోధనలను మరికొంత నిదానించి చూడవలెను. ఆకలిగొన్నవానికి రొట్టె చేసికొమ్మని మొదటిది. దేవుని సంరక్షణయందు నమ్మకమున్నచో దేవాలయ శిఖరమునుండి దుముకుమని వేరొకటి. లోకరాజ్యములన్నియు ఇత్తునని ఇంకొకటి. ఆకలికి అన్నము తినుట తప్పా? దేవుని నమ్ముట తప్పా? ఏదియు పైకి వికారముగా లేదు. శోధన ఎప్పుడును మంచిబట్టలు కట్టుకొని వచ్చును. ఇది మొదటి పాఠము. ఆయన ప్రతిసారియు ద్వితీయోపదేశకాండములోని మాటతోనే బదులిచ్చెను. అప్పటికప్పుడు వాదమును కల్పించుకొనలేదు. చిన్ననాటినుండి నోటికి వచ్చిన మాట అక్కరవేళ సిద్ధముగా ఉన్నది. ఇది రెండవ పాఠము. అపవాది అప్పటికి విడిచిపోయెనే గాని శాశ్వతముగా పోలేదని లూకా సూచించుచున్నాడు. ఇది మూడవ పాఠము. ఒక గెలుపుతో యుద్ధము ముగియునని ఆశించినవాడు రెండవ శనివారము నిరుత్సాహపడును. సోదరి భర్త నిరుత్సాహమునకు మూలము కోరికలో కంటె ఈ ఆశలోనే అధికముగా ఉన్నదని మాకు తోచుచున్నది.

రెండవ పాఠమును పూర్వులు మిక్కిలి శ్రద్ధతో పాటించిరి. నాలుగవ శతాబ్దపు చివర ఐగుప్తు ఎడారిలో నివసించిన ఎవాగ్రియస్ అను సన్యాసి మనస్సును వేధించు తలంపులను ఎనిమిదిగా లెక్కించెను. తిండిపోతుతనము, కామము, ధనాశ, దిగులు, కోపము, విసుగు, కీర్తికాంక్ష, గర్వము అనునవే అవి. మిట్టమధ్యాహ్నము పని సాగక, ఎండ కదలక, ఎక్కడికైనను లేచిపోవలెననిపించు విసుగును అతడు ప్రత్యేకముగా వర్ణించెను. ఒక్కొక్క తలంపునకు బదులుగా ఉచ్చరింపదగిన వేదవాక్యములను దాదాపు ఐదువందలు సేకరించి ఒక గ్రంథముగా కూర్చెను. రోగమునకు మందువలె తలంపునకు మాట అని అతని అభిప్రాయము.

అట్టి గ్రంథము మన పల్లెల క్రైస్తవుల చేతిలో లేకపోవచ్చును. కాని వారికి పాట ఉన్నది. పాతపట్నమునకు పొరుగున ఉన్న పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మము పొంది, 1890లో కన్నుమూయువరకు తెలుగులో అనేక కీర్తనలు రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున ఆయన పాటలకు పెద్దపీట కలదు. కెనడా బాప్తిస్టు మిషనరీలు 1874లో కాకినాడ కేంద్రముగా పని ఆరంభించి, క్రమముగా బొబ్బిలి, శ్రీకాకుళము, పర్లాకిమిడి, టెక్కలి ప్రాంతములకు వచ్చినప్పుడు, అక్షరము రాని సంఘములకు వేదార్థమును మోసికొనిపోయినవి ఇట్టి పాటలే. చదువు రానివానికైనను పాట నోటికి వచ్చును. గోడ కట్టుచు తాపీ పట్టినవాడు దానిని పాడుకొనవచ్చును. త్రోవలో కాలు ఆగినప్పుడు ఉపన్యాసము జ్ఞాపకము రాదు, పాట వచ్చును.

శోధన అనగానే మద్యము, జూదము, పరస్త్రీ అని పెద్ద పేర్లే తలచుట మనకు అలవాటు. నిత్యజీవితమున మనుష్యులను పడగొట్టునవి చాలవరకు చిన్నవి. అంగడిలో తూకమునకు వేలు తగిలించుట. పరీక్షలో ప్రక్కవాని కాగితముమీదికి చూపు జారుట. వీధి కుళాయివద్దను, కార్యాలయములో టీ వేళను లేనివారిని గూర్చి మాటలు ముదురుట. రాత్రి అందరు పరుండిన తరువాత సెల్‌ఫోను చేతిలోనికి తీసికొని, అయిదు నిమిషములని చెప్పుకొని, చూడదగనిది చూచుచు జామంతయు గడపుట. ఎన్నికల ముందురాత్రి తలుపు తట్టి ఇచ్చిన నోటును కాదనలేకపోవుట. సంఘపు పద్దు వ్రాయు పెద్దకు, తాను గాక ఇంకెవరు ఇంత నమ్మకముగా చేయుదురను గర్వము కలుగుట. ఇవన్నియు రెండే వాక్యములతో మాటాడును. ఒకటి “ఇంతమాత్రమునకేమి?” రెండవది “ఈ ఒక్కసారికి.”

మన భాషలో లంచమునకు ‘మామూలు’ అని ఒక పేరు కలదు. మామూలు అనగా ఎప్పుడును ఉండునది, వాడుక. లంచమన్నచో చేయి వెనుకకు తీయు గుమాస్తా మామూలన్నచో ముందుకు చాచును. చేసిన పని ఒక్కటే. పేరు మారగానే మనస్సునకు ముల్లు గ్రుచ్చుకొనుట మానినది. క్రైస్తవ పూర్వులు ఆత్మపరీక్షలో మొదటి పని పాపమును దాని పేరుతో పిలుచుట అని చెప్పినది ఇందుకే. ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ 1942లో ప్రకటించిన ‘స్క్రూటేప్ లెటర్స్’ అను పుస్తకమున ఒక ముసలి పిశాచము తన మేనల్లునికి ఉత్తరములు వ్రాయుచు ఈ రహస్యమునే బోధించును. పెద్ద ఘోరములతో పనిలేదు; మనుష్యునికి తెలియకుండ కొంచెము కొంచెముగా దిగజార్చిన చాలునని దాని యుక్తి. కాబట్టి ప్రతి ఇంటివారును నిద్రకు ముందు ఒక్క నిమిషము కూర్చుండి, ఈనాడు నేను దేనికి ముద్దుపేరు పెట్టితిని అని అడుగుకొనుట మంచిది.

పేరు తెలిసిన తరువాత ఎక్కడ నిలిచి ఎదిరింపవలెను? ఈ ప్రశ్నకు బైబిలులోని రెండు కథలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవచ్చును. రాజులు యుద్ధమునకు బయలుదేరు కాలమున దావీదు సేనను పంపి తాను యెరూషలేములో ఉండిపోయెను. సాయంకాలము మిద్దెమీద పచారు చేయుచు స్నానమాడుచున్న స్త్రీని చూచెను. చూపు విచారణ అయినది. విచారణ పిలుపు అయినది. చివరకు ఒక నిర్దోషి ప్రాణము పోయినది. అతని పతనము మిద్దెమీద మొదలు కాలేదు. ఉండవలసినచోట ఉండక, చేయవలసిన పని చేయక నిలిచిపోయిన నాడే మొదలైనది. యోసేపు కథ దీనికి ఎదురుగా ఉన్నది. అన్నలచే అమ్మబడి, ఐగుప్తులో పరుని ఇంట సేవకుడై, తన ఊరివారు ఒక్కరును చూడనిచోట యజమానుని భార్య పట్టుకొనగా, అతడు వాదము పెట్టుకొనలేదు. పైవస్త్రమును ఆమె చేతిలో విడిచి బయటికి పారిపోయెను.

శ్రీకాకుళము ప్రాంతపు శ్రోతలకు యోసేపు స్థితి క్రొత్త కాదు. ఈ తీరమునుండి పూర్వము బర్మాకు ఓడలెక్కి వలస పోయిరి. నేడు చెన్నపట్నమునకును, హైదరాబాదునకును, ఇంకను దూరపు ఊళ్లకును కట్టడపు పనులకు పోవుచున్నారు. ఊరిలో తండ్రి ఉన్నాడు, పెద్దలున్నారు, ఆదివారము ప్రక్కన కూర్చుండువారున్నారు. పరాయి ఊరి రేకుల షెడ్డులో పేరుపెట్టి పిలుచువాడు ఉండడు. ఎవరును చూడరను మాట మొట్టమొదట వినబడునది అచ్చటనే. వలస పోవువారు చేరిన వారమునందే ఆ ఊరిలోని తెలుగు సంఘమునో, తమ ప్రాంతపు కుటుంబమునో వెదకి పరిచయము చేసికొనుట మేలు. తలదాచుకొనుటకు గది వెదకికొనుట ఎంత అవసరమో ఇదియు అంతే.

పారిపోవుట పిరికితనమని తలచు అభిమానవంతులున్నారు. వారికొరకు ఒక పాత కథ. నాలుగవ శతాబ్దమున అలీపియస్ అను యువకుడు న్యాయశాస్త్రము చదువుటకు రోము నగరమునకు వచ్చెను. అచ్చటి ఖడ్గయుద్ధములు, వాటిలోని నరవధ అతనికి అసహ్యము. మిత్రులు బలవంతముగా లాగుకొనిపోగా, నా శరీరము అక్కడ ఉన్నను కన్నులు మూసికొనియే యుందునని ధైర్యముగా పోయి కూర్చుండెను. మూసికొనెను కూడ. కాని చెవులు మూసికొనలేదు. ఒకడు నేలకు ఒరగగా జనము పెట్టిన కేక విని కన్నులు తెరచెను. ఆ క్షణమునుండి ఆ రక్తక్రీడకు బానిసయై, తరువాత తానే ఇతరులను వెంటబెట్టుకొని పోవువాడయ్యెను. అతని మిత్రుడు అగస్టీను తన ‘ఒప్పుకోలు’ గ్రంథమున ఈ సంగతిని వ్రాసియుంచెను. అలీపియస్ చెడిపోయి అట్లే ఉండిపోలేదు. మారి, తన స్వగ్రామమైన థగాస్తె నగరమునకు బిషప్ అయ్యెను. ఆ బాకీ మాట చివర చెప్పెదము. ఇచ్చట మనకు కావలసినది ఇది: అతని ఓటమి కన్ను తెరచినప్పుడు కాదు, ఆ మెట్లెక్కి కూర్చున్నప్పుడే నిశ్చయమైనది.

ఈ పాత అనుభవమునకు నేటి పరిశోధనయు సాక్ష్యమిచ్చుచున్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ మిషెల్ అను శాస్త్రజ్ఞుడు 1960ల చివరను, 1970ల మొదటను బడికి పోని చిన్నపిల్లలకు మిఠాయి చూపి, కొంతసేపు తినక ఆగినచో రెండు ఇత్తునని చెప్పి గదిలో విడిచెను. మిఠాయినే చూచుచు కూర్చున్న పిల్లలు త్వరగా ఓడిరి. దానిని కంటికి కనబడకుండ మూసినప్పుడు చాలసేపు ఆగిరి. కొందరు తామే ముఖము త్రిప్పుకొనియు, కూనిరాగములు తీసియు కాలము గడపిరి. అనగా గెలిచినవారు కోరికతో కుస్తీ పట్టినవారు కారు. చూపును వేరుచోట పెట్టినవారు.

అట్లు ఆగిన పిల్లలు పెద్దవారై ఎక్కువ వృద్ధిలోనికి వచ్చిరని కొంతకాలము ప్రచారమైనది. 2018లో మరింత ఎక్కువమంది పిల్లలతో చేసిన పరిశీలనలో, కుటుంబ పరిస్థితులను లెక్కలోనికి తీసికొన్నప్పుడు ఆ సంబంధము మిక్కిలి బలహీనమైనదని తేలినది. 2013లో రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు చేసిన వేరొక పరీక్ష మాకు మరింత విలువైనదిగా తోచినది. మొదట తమకిచ్చిన మాట నిలుపుకొన్న పెద్దవారియెదుట పిల్లలు చాలసేపు ఆగిరి. మాట తప్పినవారియెదుట కొద్దిసేపటికే తినివేసిరి. నమ్మకము లేనిచోట ఓర్పు ఎందుకు? కావున తల్లిదండ్రులు పిల్లలకు నిగ్రహమును గూర్చి చెప్పు నీతికంటె, సంతనుండి తెచ్చెదమన్న చిన్న బొమ్మను మరువక తెచ్చుట బలమైన పాఠము.

ఇక తోడును గూర్చి. 1935 మే మాసమున అమెరికాలోని ఆక్రన్ నగరపు హోటలులో బిల్ విల్సన్ అను వ్యాపారి ఒంటరిగా పచారు చేయుచుండెను. అంతకు కొన్ని నెలల ముందే త్రాగుడు మానినవాడు. వచ్చిన పని చెడినది, మనస్సు క్రుంగినది. హాలులో ఒకవైపు మద్యశాల, నవ్వులు, మాటలు. వేరొకవైపు టెలిఫోను. అతడు టెలిఫోనువద్దకు పోయి ఊరిలోని ఒక పాదిరిగారితో మాటాడి, తనవంటి త్రాగుబోతు ఎవరైనను ఉన్నచో అతనితో మాటాడవలెనని కోరెను. ఆ వెదకులాటవలన బాబ్ స్మిత్ అను వైద్యునితో కలయిక జరిగి, ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అను సంస్థ పుట్టినది. నేడు లోకమున అనేక దేశములలో, మన దేశములోను, దాని కూటములు జరుగుచున్నవి. జన్మమంతయు మానెదనని గాక ఈ దినము మానెదనని నిశ్చయించుకొనుట వారి పద్ధతి. ఆనాడు విల్సన్ గెలిచినది సంకల్పబలముచేత కాదు, ఇంకొకని కంఠము వినుటచేత అని చెప్పవచ్చును.

చట్టము తోడుగా నిలువదా అని అడుగవచ్చును. నిలుచును, కాని కొంతవరకే. మద్రాసు రాష్ట్రమంతట 1948లో మద్యనిషేధము అమలైనది. అప్పుడు ఈ ప్రాంతమును ఆ రాష్ట్రములోనిదే. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మరుసటి సంవత్సరమే, 1954 నవంబరులో, నిషేధ సమస్యపై ప్రకాశముగారి మంత్రివర్గము పడిపోయినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో కలిసికొన్న స్త్రీలు ఏకమై 1992లో సారా వ్యతిరేకోద్యమము లేవదీయగా, 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో ఆ నిషేధమును సడలించిరి. చట్టము వచ్చును, పోవును. పాతపట్నమువారికి వేరొక సంగతి కూడ తెలియును. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయి, పాతపట్నము ఇటు నిలిచినది. ఒక రాష్ట్రపు చట్టము ఆ గీటువద్ద ఆగును. మనుష్యుని కాళ్లు ఆగవు. దూబగుంట స్త్రీలనుండి మనము నేర్వవలసినది చట్టముకంటె ముందటి విషయము. ఒక్కొక్క ఇంటిలో ఒంటరిగా ఏడ్చినంతకాలము ఏమియు జరుగలేదు. పదిమంది ఒక చోట కూర్చుండి పలుకగానే మాటకు బలము వచ్చినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగినవారికి అది కేవలము శోధన కాదు, శరీరమునకు పట్టిన రోగము కూడ. అట్టివారు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో మానవలెను. భారత ప్రభుత్వము నడపుచున్న 14446 అను ఉచిత టెలిఫోను నంబరునకు పిలిచినచో సలహాయు, దగ్గరి చికిత్సా కేంద్రపు వివరములును తెలియును. వైద్యునివద్దకు పోవుట విశ్వాసలోపము కాదు. సువార్త వ్రాసిన లూకాయే వైద్యుడని క్రైస్తవ సంప్రదాయము.

మరి పడినచో? అలీపియస్ సంగతిలో మిగిలిన మాట ఇది. పేతురు తన గురువుతో, అందరు విడిచినను నేను విడువనని ఆవేశముతో పలికెను. అదే రాత్రి గెత్సేమనే తోటలో మెలకువగా ఉండి ప్రార్థింపుమన్నప్పుడు నిద్రపోయెను. అటుపిమ్మట ప్రధానయాజకుని ముంగిట చలిమంటయొద్ద కూర్చుండి, ఒక పనికత్తె అడుగగా, ఎరుగనని ముమ్మారు బొంకెను. కోడి కూయగా బయటికి పోయి ఏడ్చెను. యోహాను సువార్త చివర మరల ఒక మంట కలదు. సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున లేచిన ప్రభువు చేపలు కాల్చి పెట్టి, అతనిని మూడుసార్లు ప్రేమను గూర్చి అడిగి, తన మందను అతనికే అప్పగించెను. పడినవానిని సంఘము ఎట్లు చూడవలెనో ఇందులో ఉన్నది. ఒక్క శనివారము ఓడినవానికి, ఇంక ఎట్లును చెడితిని గదా అను తలంపు మొదటి తప్పుకంటె పెద్ద శోధన. ఆ రాత్రి ఇంటిలో వినవలసినది తిట్టును కాదు, వెక్కిరింపును కాదు. ఆదివారము ప్రక్కన చోటు ఖాళీగా ఉంచి పిలుచు మాట.

కావున, సోదరీ, మీ భర్తగారితో మా మాటగా ఇట్లు చెప్పుడు. కోరిక కలుగుట ఆయన మారలేదనుటకు సాక్ష్యము కాదు. చేతిలో పెట్టిన కూలి డబ్బు ఆయన మారినాడనుటకు సాక్ష్యము. యుద్ధమును దుకాణము ముందు చేయవద్దు. శనివారము ఉదయముననే చేయుడు. బట్వాడా వేళకు మీరో, పెద్ద కుమారుడో, సంఘములోని స్నేహితుడో పనిచోటికి పోయి కలిసికొనుడు. వీలైనచో కూలిలో కొంత బ్యాంకు ఖాతాకు వేయుమని మేస్త్రీనో కంట్రాక్టరునో కోరుడు. ఆ దుకాణము లేని త్రోవ కొంచెము చుట్టు అయినను అదియే దగ్గరి త్రోవ. కాలు ఆగినచో చేయవలసినది ముందే మాటాడుకొనియుండుడు. ఆగినవెంటనే ఫలానివారికి ఫోను చేయుట, ఫలాని పాట ఎత్తుకొనుట. ఇట్లు ఈ వేళకు ఈ పని అని ముందుగా నిశ్చయించుకొన్నవారు అక్కరవేళ మాట నిలుపుకొనుట ఎక్కువయని మనస్తత్వ శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. ఆకలియు అలసటయు శోధనకు చుట్టములు గనుక, ఇంటికి రాగానే వేడి అన్నము సిద్ధముగా ఉండనిండు. ఆయన తల వంచుకొని కూర్చున్నప్పుడు, త్రోవలో ఏమి జరిగినదో దాచక చెప్పినందుకు మెచ్చుకొనుడు. దాచవలసిన అవసరము లేని ఇల్లు మనుష్యునికి గొప్ప కోట.

దేవుడు శోధనతోపాటు తప్పించుకొను మార్గమును కూడ కలుగజేయునని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆ మార్గము ఆకాశమునుండి ఊడిపడవలెనని ఎదురుచూచుట అవసరము లేదు. అది చుట్టుత్రోవగాను, పాటగాను, స్నేహితుని ఫోనుగాను, ఇంటిలోని వేడి అన్నముగాను ఉండవచ్చును. వచ్చు శనివారము సాయంకాలము మీ ఇంటి రేడియో ప్రక్కన ఇంటిల్లిపాదియు కూర్చుండి ఉందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.